పెద్దల మానసిక వైద్య వార్డుకు విరాళాలు సేకరించడం ఎలా: చెన్నైలోని తెలుగువాళ్ల కోసం

మా తమ్ముడు ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో 22 రోజులు ఉన్నాడు. వాడికి తోడుగా నేనున్నాను. అన్ని రోజుల్లో వాడు నన్ను ఎక్కువసార్లు అడిగిన మాట ఒక్కటే: "అక్కా, టైమెంతైంది?" ఆ వార్డులో గడియారం లేదు. రోగుల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. కిటికీకి మందపాటి జాలీ, దాని అవతల ఇంకో బిల్డింగు గోడ. పొద్దెక్కిందో వాలిందో తెలిసే దారి లేదు. మందుల మగతలో పడుకుని లేచిన మనిషికి చేతిలో ఉన్నది పొద్దుటి కాఫీయో సాయంత్రం కాఫీయో తెలియకపోతే ఎంత బెదురుగా ఉంటుందో పక్కనుండి చూశాను.

వాడు ఇంటికొచ్చాక మేమూ, వార్డులో పరిచయమైన మరో నాలుగు కుటుంబాలవాళ్లూ కలిసి ఆ వార్డు కోసం డబ్బు పోగుచేయడం మొదలుపెట్టాం. మూడేళ్లయింది. మీరూ అలాంటి పనికి పూనుకుంటే ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు అన్నది మాకు తెలిసినంత రాస్తున్నాను.

గుండె ఆపరేషన్‌కో, చిన్నపిల్లల వార్డుకో అడిగినంత సులువు కాదిది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, ఇక్కడ కీల్పాక్. మూడూ మానసిక వైద్యశాలలున్న పేటల పేర్లే, మూడింటినీ తిట్లుగా మార్చేశాం. 1794 నుంచి లక్షలమందిని చూసుకున్న ఆసుపత్రి ఉన్న కీల్పాక్ పేరు చెప్పి పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. కానీ బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో తమిళనాడు సహా 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ఏం చెప్పిందో చూడండి. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. అంటే మీరు చందా అడగబోయే ప్రతి పదిళ్లలో కొన్నిటిలో ఈ బాధ ఇప్పటికే ఉంది, తలుపు వేసుకుని ఉంది. ఎవరినడిగినా ఇది గుర్తుపెట్టుకుని అడగండి.

మొదట వార్డుకు వెళ్లి వినండి

డబ్బు సంగతి ఎత్తకముందే ఆసుపత్రి అనుమతి తీసుకోండి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి అయితే డీన్ గారికి ఒక ఉత్తరం, దాని నకలు ఆర్ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సైకియాట్రీ విభాగాధిపతికి. ప్రైవేటు లేదా ట్రస్టు ఆసుపత్రి అయితే మెడికల్ సూపరింటెండెంట్‌కు. "మేం ఫలానా వార్డులో ఉండి వెళ్లినవాళ్ల కుటుంబాలవాళ్లం, వార్డుకు ఏం కావాలో తెలుసుకోవాలనుకుంటున్నాం" అని రెండు వాక్యాలు చాలు. ఏం ఇస్తారో అప్పుడే రాయకండి.

తర్వాత అడగాల్సినవాళ్లను అడగండి. డాక్టర్లను అడిగితే యంత్రాలు చెబుతారు, అవీ అవసరమే. కానీ వార్డు సంగతి అసలు తెలిసింది నైట్ డ్యూటీ సిస్టర్లకు, శుభ్రం చేసే ఆయమ్మలకు, రోగికి తోడుగా వచ్చి నేల మీద చాప పరుచుకుని పడుకునే అటెండర్లకు, అన్నిటికంటే అక్కడ ఉండి కోలుకుని వెళ్లినవాళ్లకు. మేం ముప్పైమందిని కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాం: "ఇక్కడ రోజులో మీకు అన్నిటికన్నా కష్టంగా గడిచే గంట ఏది?" ఏం కావాలి అని అడిగితే మొహమాటపడి ఏమీ వద్దంటారు. కష్టమైన గంట ఏదంటే చెబుతారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఏమీ చేయడానికి లేక. తెల్లవారుజామున, చన్నీళ్ల స్నానం. రాత్రి పది తర్వాత, ట్యూబులైట్లు ఆర్పరు కాబట్టి. ఆడవాళ్ల వార్డులో ఒకావిడ బాత్రూంకి గడియ లేదని, ఎవరైనా వస్తారేమోనని భయంతో తలుపు వైపు తిరిగే స్నానం చేస్తానని చెప్పింది. మా మొదటి జాబితా ఈ జవాబుల్లోంచే వచ్చింది: పెద్ద అంకెల గడియారం, తేదీ బోర్డు, వేన్నీళ్లు, లోపలినుంచి వేసుకున్నా అవసరమైతే సిస్టర్లు బయటినుంచి తీయగలిగే గడియలు, రాత్రికి మసక దీపాలు, అటెండర్లకు మడత మంచాలు, క్యారం బోర్డులు, తెలుగు తమిళ పత్రికలు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ కూడా చదవండి. శుభ్రమైన, భద్రమైన చోటు, మరుగు, పౌష్టికాహారం, వినోదానికి వసతులు, ఆడవాళ్లకు నెలసరి అవసరాలు, ఇష్టమైతే తమ సొంత బట్టలే కట్టుకోవడం, బలవంతంగా గుండు చేయించకపోవడం అన్నీ అందులో రోగి హక్కులుగా రాసి ఉన్నాయి. మీరు అడుగుతున్నది దయ కాదని మీకే ధైర్యం వస్తుంది. ఆసుపత్రివాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ సెక్షన్‌ను కర్రలా ఎత్తకండి. వాళ్లూ ఆ వార్డు బాగుపడాలనే కోరుకుంటారు. చట్టాన్ని దాతలకు చూపించండి.

జాబితాలో ఇంకేమున్నా లేకున్నా, అగ్నిప్రమాదం వస్తే తాళం వేసి ఉండే వార్డులోంచి మనుషులు ఎలా బయటపడతారని తప్పక అడగండి. 2001 ఆగస్టు 6న ఇదే రాష్ట్రంలో ఏర్వాడిలోని ఒక మానసిక రోగుల ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది కదల్లేక చనిపోయారు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, రెండో దారి ఉందా, ఆర్పే సిలిండర్ల గడువు ఎప్పుడు? వీటిలో లోటుంటే మీ మొదటి రూపాయి అక్కడికే వెళ్లాలి.

ఏం కొనకూడదో తెలుసుకోండి

ఇక్కడే మేం 18,000 రూపాయలు పోగొట్టుకున్నాం. భోజనాలకు బాగుంటాయని గాజు పలక ఉన్న నాలుగు బల్లలు కొని టెంపోలో తీసుకెళ్లాం. సిస్టర్ గుమ్మంలోనే ఆపేసింది. "ఎవరిని అడిగి కొన్నారమ్మా? గాజు లోపలికి రాకూడదు" అంది. అదే టెంపోలో వెనక్కి తెచ్చాం. షాపువాడు తీసుకోలేదు.

మామూలు వార్డుకు పనికొచ్చే వస్తువు ఇక్కడ ప్రమాదం కావచ్చు. గాజు, పదునైన అంచులు, ఎత్తి విసరగలిగే బరువులు, బయటికి పొడుచుకొచ్చే కొక్కేలు, తాళ్లు, వేలాడే వైర్లు ఏవీ పనికిరావు. అద్దం కావాలంటే గాజుది కాకుండా పగలనిది, గోడకు అతికి ఉండేది తీసుకోవాలి. మీరు కొనబోయే ప్రతి వస్తువు ఫొటోనూ, కొలతలనూ నర్సింగ్ సూపరింటెండెంట్‌కు చూపించి, కాగితం మీద సంతకం తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. గోడలో, పైపులో, కరెంటులో చేయి పెట్టే పనైతే ప్రభుత్వ ఆసుపత్రిలో అది పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ) ద్వారా వెళ్తుంది. ఆలస్యమవుతుంది, కాబట్టి దాన్ని ముందు మొదలుపెట్టి, కొని తెచ్చే వస్తువుల పని ఈలోగా చూసుకోండి.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి

మీ ఖాతాలో కాదు, మీ ఆయన ఖాతాలో కాదు. మేం మొదటి నెల మా వారి గూగుల్ పే నంబరు ఇచ్చాం. నలభైమంది పంపిన డబ్బు ఇంటి అద్దె, పాలబిల్లులతో కలిసిపోయింది. లెక్క తేల్చడానికి రెండు ఆదివారాలు పట్టింది. లెక్క సరిపోయింది, కానీ ఆ రెండు వారాలు నాకు నిద్ర లేదు.

ప్రభుత్వ ఆసుపత్రులకు విరాళాలు తీసుకోవడానికి పేషెంట్ వెల్ఫేర్ సొసైటీలు ఉంటాయి. ట్రస్టు ఆసుపత్రి అయితే ఆ ట్రస్టు ఖాతా ఉంటుంది. ఏదైనా సరే, "ఈ మొత్తం ఫలానా వార్డుకే వాడాలి" అని ఉత్తరంలో రాసి, వాళ్ల చేత ఒప్పుకోలు రాయించుకోండి. ఆ వాక్యం లేకపోతే డబ్బు సాధారణ నిధిలో కలుస్తుంది. అక్కడ మానసిక వైద్య వార్డు వంతు ఎప్పుడూ చివరే.

దాతలు అడిగే ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 80జి అని మనమందరం పిలిచే పన్ను మినహాయింపు ఆ సంస్థకు ఉందా? ఉంటే, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, యూపీఐ గానీ చెక్కు గానీ ఇవ్వమనండి. పాన్ నంబరు తీసుకోండి. సంస్థ మే 31 లోపు విరాళాల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపి, విరాళం అందినట్టు సర్టిఫికెట్ ఇస్తేనే దాతకు ఉపయోగం. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపు లేదు. ఆ మాట ముందే చెబితే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మనవాళ్లలో ఎక్కువ కాబట్టి ఇదీ రాస్తున్నాను. భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. ప్రేమతో పంపినా ఈ చట్టం ఒప్పుకోదు. ఒక్క తప్పు జమ సంస్థ మొత్తాన్ని ఇబ్బందిలో పడేస్తుంది.

అడగడం

"వార్డు బాగుచేయడానికి ఐదు లక్షలు కావాలి" అంటే ఎవరి చేయీ జేబులోకి వెళ్లదు. ఐదు లక్షలను ముక్కలు చేయండి. ఒక మడత మంచం, ఒక గడియారం, ఒక బాత్రూంకి వేన్నీళ్లు. ప్రతి ముక్క పక్కన కొటేషన్‌లోని ధర రాయండి. వెయ్యి ఇచ్చేవాళ్లకు వెయ్యి వస్తువు, పాతిక వేలు ఇచ్చేవాళ్లకు పాతిక వేల వస్తువు కనబడాలి. మా మొదటి వాట్సాప్ సందేశం ఇలా ఉండేది:

"నమస్కారమండీ. మగవాళ్ల మానసిక వైద్య వార్డులో రోగులకు తోడుగా ఉండే తల్లులు, అన్నదమ్ములు రాత్రిళ్లు నేల మీద పడుకుంటున్నారు. 12 మడత మంచాలు కావాలి. ధర, కొటేషన్ కింద ఉన్నాయి. డబ్బు నేరుగా ఆసుపత్రి సొసైటీ ఖాతాకే. రసీదు మీ పేరున వస్తుంది. మంచాలు వార్డులోకి చేరిన రోజు మళ్లీ రాస్తాను." పన్నెండు మంచాలూ తొమ్మిది రోజుల్లో వచ్చాయి.

మనవాళ్లకు ఇవ్వడం కొత్త కాదు. ట్రిప్లికేన్ గోషా ఆసుపత్రి భవనానికి డబ్బిచ్చింది వెంకటగిరి రాజా వారు. ఇదే ఊళ్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆంధ్ర మహిళా సభను చందాలతోనే నిలబెట్టారు. తెలుగు సంఘాల పెద్దల దగ్గరకు వెళ్లినప్పుడు ఈ రెండు పేర్లు చెప్పండి. ఉగాది సభలోనో, కార్తీక వనభోజనాల్లోనో ఐదు నిమిషాలు అడగండి, ఐదే. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, దసరాకు అటూ ఇటూగా వస్తుంది. కొలువు పేరంటాలకు వచ్చినవాళ్లకు చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం ఉండదు.

మాకు అన్నిటికన్నా బాగా కలిసొచ్చింది తద్దినాలు. తల్లిదండ్రుల తిథినాడు అన్నదానానికి ఇచ్చే కుటుంబాలు చాలా. "ఈ ఏడు ఆ తిథినాడు వార్డుకు దుప్పట్లు ఇవ్వండి" అంటే ఎవరూ కాదనలేదు.

ఇక్కడే ప్యారీస్ కార్నర్‌లో పైపులు, గీజర్ల దుకాణం ఉన్న ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లిన రోజు చెబుతాను. మా నాన్నగారి స్నేహితుడు, నేను బాబాయిగారూ అంటాను. "పిచ్చాసుపత్రికా అమ్మాయ్? అక్కడివాళ్లకి వేన్నీళ్లెందుకు?" అన్నారు. ఆయన ఎగతాళిగా అనలేదు, తెలియక అడిగారు. "మా తమ్ముడు చన్నీళ్లకు జడిసి ఆరు రోజులు స్నానం చేయలేదు బాబాయిగారూ. ఒంటిమీద చెమట వాసన వాడికే తెలుస్తోంది, సిగ్గుతో పక్కవాడికి దూరంగా జరుగుతున్నాడు" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి కొటేషన్ చూపించమన్నారు. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఇందులో వేడికి కట్టడి ఏదీ? మందుల మత్తులో ఉన్నవాడు కుళాయి తిప్పితే ఒళ్లు బొబ్బలెక్కదూ?" అన్నారు. ఐదు కుటుంబాల్లో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. గీజరు బాత్రూం బయట తాళమున్న పెట్టెలో పెట్టించి, వేడి ఒక హద్దు దాటకుండా కలిపి వదిలే వాల్వు వేయించి, కొన్న ధరకే ఇచ్చారు. బిగించిన కూలీ కూడా ఆయనదే. "నా పేరు వద్దు, మా అమ్మ పేరు రాయండి" అన్నారు. అందుకే చెబుతున్నాను, దాతను డబ్బొక్కటే అడగకండి. ఆ మనిషికి తెలిసిన పని ఏదో అదీ అడగండి. ఎలక్ట్రీషియన్, ఆడిటర్, టైలరు, అందరితోనూ పనుంది.

ముఖాలు చూపించకుండా

"ఫొటోలు పెట్టండి, డబ్బు వస్తుంది" అని చాలామంది చెబుతారు. పెట్టకండి. చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటో గానీ వివరం గానీ వాళ్ల సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. చట్టం లేకపోయినా అంతే. వార్డులో ఉన్నప్పుడు తీసిన ఫొటో ఆ మనిషి కోలుకుని ఉద్యోగానికి వెళ్లాక కూడా ఫోన్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. వీపు వైపునుంచి తీశాం, కళ్లు మసక చేశాం అన్నా ఇంటివాళ్లు గుర్తుపడతారు.

వస్తువులను చూపించండి. చిలుం పట్టిన షవరు, పక్కనే కొత్తది. ఖాళీ గోడ, అదే గోడ మీద గడియారం. మా తమ్ముడి కథ నేను చెబుతున్నానంటే, ప్రతిసారీ వాడిని అడిగే చెబుతున్నాను. గడియారం సంగతి చెప్పమన్నాడు, జబ్బు పేరు చెప్పొద్దన్నాడు. చెప్పను.

కంపెనీల దగ్గరకు వెళ్లేటప్పుడు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు (దీన్నే సీఎస్ఆర్ అంటారు) ఖర్చుపెట్టాలి. ఆరోగ్యం ఆ జాబితాలో ఉంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఐటీ కంపెనీల్లో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. బయటినుంచి ఈమెయిలు పెట్టేకన్నా లోపల పనిచేసే ఒక అబ్బాయి సీఎస్ఆర్ విభాగానికి మీ కాగితం అందిస్తే వాళ్లు చదువుతారు. బడ్జెట్లు ఏప్రిల్‌తో మొదలవుతాయి, జూన్ లోపు వెళ్లండి.

మీలాంటి కుటుంబాల గుంపుకు కంపెనీ ఈ డబ్బు నేరుగా ఇవ్వడానికి వీల్లేదు. పని చేయించే సంస్థకు సీఎస్ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ నంబరు, 12ఏ, 80జి అని పిలిచే పన్ను రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం ఉండాలి. ఆసుపత్రి ట్రస్టుకు అవి లేకపోతే మానసిక ఆరోగ్యంలో పనిచేస్తున్న సంస్థల సలహా అడగండి. 1984లో డాక్టర్ శారదా మీనన్ గారు మొదలుపెట్టిన స్కార్ఫ్, 1993లో పుట్టిన ది బాన్యన్ ఈ ఊళ్లోనే ఉన్నాయి. కంపెనీవాళ్లు ఎంతమందికి మేలు అని అడుగుతారు. మంచాల సంఖ్య, ఏడాదికి అడ్మిషన్లు మెడికల్ రికార్డ్స్ నుంచి తీసుకోండి. అంకెలు మాత్రమే, పేర్లు కాదు.

సభ అయ్యాక ఆగండి

మీరు మాట్లాడిన ప్రతిచోటా అందరూ వెళ్లిపోయేదాకా ఎవరో ఒకరు కుర్చీలు సర్దుతున్నట్టు నిలబడి ఉంటారు. చివరికి దగ్గరకొచ్చి, "మా అబ్బాయి కూడా గదిలోంచి రావడం లేదండీ" అంటారు. చందా పుస్తకం సంచిలో పెట్టేసి కూర్చోండి. డాక్టరులా సలహాలివ్వకండి. టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు అచ్చేసిన చిన్న కాగితాలు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. దగ్గర్లోని ఆసుపత్రి ఓపీ రోజులు, వేళలు వెనకవైపు రాసిపెట్టుకోండి. ఆ మనిషి దగ్గర ఆరోజు చందా తీసుకోకండి.

అప్పగించాక

ప్రతి వస్తువునూ వార్డు స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ నకలు తీసుకోండి. రిజిస్టరులో లేని వస్తువు పాడైతే దానికి రిపేరు బిల్లు పెట్టే హక్కు సిస్టర్‌కు ఉండదు. గీజరుకు, నీళ్ల ఫిల్టరుకు ఏఎంసీ (ఏటా మరమ్మతు చూసే ఒప్పందం) మూడేళ్లకు ముందే కట్టేయండి. దాతల జాబితాకు మూడు నెలలకోసారి లెక్క పంపండి: వచ్చింది ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది ఇంత, పాడైంది ఇది. పాడైన సంగతి దాచకండి.

గుళ్లల్లో శాశ్వత పూజకు డబ్బు కడితే వడ్డీతో ఏటా ఆ రోజున పూజ జరుగుతుంది కదా. వార్డుకూ అలాంటి నిధి ఒకటి పెట్టించండి. 7 శాతం వడ్డీ అనుకుంటే లక్షకు ఏడాదికి 7,000 వస్తుంది. బల్బులకు, కుళాయి వాషర్లకు, క్యారం పౌడరుకు అది సరిపోతుంది. ఈ ఆలోచన మాకు ఆలస్యంగా వచ్చింది. మేం పెట్టిన గడియారం ఐదో నెలలో ఆగిపోయింది. చూడటానికి వెళ్లేసరికి నాలుగూ పదిమీద ముల్లు నిలబడి ఉంది. ఎన్నాళ్లయిందని అడిగితే పదకొండు రోజులన్నారు. కిటికీ పక్క మంచం మీద ఒకాయన, అది తప్పు టైము చూపిస్తోందని తెలిసీ, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గడియారానికి బ్యాటరీ సెల్లు కొనడానికి ఎవరి దగ్గరా ఖాతా లేదు. కింద మెడికల్ షాపులో కొనుక్కొచ్చి, సిస్టర్ చేతికిచ్చి వేయించాను. ముల్లు కదలగానే ఆయన తన చేతికి గడియారం ఉన్నట్టే మణికట్టు చూసుకుని, తిప్పుతున్నట్టు వేళ్లు ఆడించాడు.

ఇప్పుడు నెలలో రెండో శనివారం మాలో ఒకరం వార్డుకు వెళ్తాం. సంచిలో రెండు సెల్లులు, ఒక ట్యూబులైటు స్టార్టరు, రసీదు పుస్తకం ఉంటాయి.